పళ్ళ డాక్టరు దించుకున్న పాట

సోమవారం ఉదయం పళ్ళ డాక్టరు మామూలు కంటే అరగంట ముందే క్లినిక్ తలుపు తీశాడు. వెయిటింగ్ రూములో గోడకు ఒక స్పీకరు, లోపల పేషెంటు కుర్చీ పైన ఇంకొకటి బిగించి, రెండింటినీ రిసెప్షనులోని కంప్యూటరుకు కలపాలన్నది ఆనాటి పథకం. కారణం లేకపోలేదు. లోపల డ్రిల్లు మోగినప్పుడల్లా బయట కూర్చున్నవాళ్ళ ముఖాలు పాలిపోతున్నాయి. కిందటి వారం ఇద్దరు ఫోను మాట్లాడి వస్తామని వీధిలోకి వెళ్ళారు. ఆ మాటలు ఇంకా అయినట్టు లేదు. మెత్తగా సంగీతం వినిపిస్తుంటే జనం కుదురుగా కూర్చుంటారని అతని ఆశ. అందుకే ఆదివారమంతా ఒక ఇంటర్నెట్ సైటు ముందు కూర్చుని నాలుగు వందల పాటలు దించుకున్నాడు. అన్నీ వాద్య సంగీతమే, పైసా ఖర్చు లేకుండా.

రిసెప్షనులో కూర్చునేది అతని అత్తగారు. ముప్ఫై రెండేళ్ళు స్కూలు నడిపి రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఇంట్లో తోచక ఈ కుర్చీలోకి వచ్చారు. ఆవిడ వచ్చినప్పటి నుంచి పేషెంట్లు పత్రిక చదివాక మడతపెట్టి, తీసినచోటే పెట్టి మరీ లోపలికి వస్తున్నారు.

ఇన్ని పాటలు ఎక్కడ కొన్నారని ఆవిడ అడిగారు. కొనలేదనీ, ఊరికే వచ్చాయనీ అల్లుడు చెప్పాడు.

"ఊరికే అంటే? వాళ్ళిచ్చారా, మీరు తీసుకున్నారా?"

"అందరూ చేసేదే అత్తయ్యగారూ. ఇదేమన్నా ఒకరి జేబులోంచి తీసినట్టా? పాట ఉన్నచోటే ఉంటుంది, మన దగ్గరా ఉంటుంది."

"మా స్కూల్లో కాపీ కొట్టిన ప్రతివాడూ ఇదే చెప్పేవాడు. పక్కవాడి పేపరు పక్కవాడి దగ్గరే ఉంది కదా టీచర్ అని," అని ఆవిడ రిజిస్టరు తెరిచారు. అల్లుడికి ఆ సంభాషణ అక్కడితో ముగియడమే నచ్చింది.

పదిన్నరకి ఒక పెద్దాయన వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాతో ఉన్నారు. కింది దవడలో రూట్ కెనాల్ చేయాలి. ఫారంలో వృత్తి అన్నచోట 'విశ్రాంతి' అని మాత్రం రాశారు. డాక్టరు ఆయన్ని కుర్చీలో వెనక్కి వాల్చి, మత్తు ఇంజెక్షను ఇచ్చి, నోరు మూతపడకుండా పళ్ళ మధ్య రబ్బరు ముక్క పెట్టి, బుగ్గల్లో దూది కూరాడు. ఉమ్మి లాగే గొట్టం తగిలించాడు. పైన స్పీకరులోంచి ఏదో పియానో పాట సాగుతోంది. తన పథకం ఫలించిందని సంతోషిస్తూ పంటికి రంధ్రం చేయడం మొదలుపెట్టాడు.

పియానో పాట అయిపోయి వయొలిన్ మొదలైంది. రెండు క్షణాలు గడిచాయో లేదో పెద్దాయన కళ్ళు ఇంతింతయ్యాయి.

"అఇ... అఇ ఆఇ," అన్నారు.

నొప్పి పుడుతోందని డాక్టరు అనుకున్నాడు. డ్రిల్లు ఆపి ఇంకొక ఇంజెక్షను ఇచ్చాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపారు. మళ్ళీ "అఇ ఆఇ" అన్నారు, ఈసారి ఇంకా స్పష్టత లేకుండా. తర్వాత ఎడమ చెయ్యి భుజం దాకా లేచి నాలుగు వేళ్ళూ గాల్లో గబగబా కదలడం మొదలైంది. కుడి చెయ్యి ఛాతీ మీదుగా అటూ ఇటూ ఊగింది. పనిముట్ల ట్రే ఆ చేతికి తగిలి పెద్ద చప్పుడుతో కింద పడింది. పెద్దాయన కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

పద్దెనిమిదేళ్ళ ప్రాక్టీసులో మత్తు మందు వికటించిన కేసు డాక్టరు ఒక్కటీ చూడలేదు. పుస్తకంలో చదివాడంతే. మొదటిది ఇదేనని తేల్చుకుని డ్రిల్లు పక్కన పడేశాడు. అత్తగారిని కేకేశాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూసి, ఆయనకి ఏమీ కాలేదు, ఏదో చెప్పాలని చూస్తున్నారు అని తేల్చి, చేతిలో ఉన్న ప్యాడూ పెన్నూ ఆయనకి అందించారు.

పెద్దాయన పడుకునే, వంకరటింకర అక్షరాలతో రాశారు. అత్తగారు దాన్ని క్లాసులో పాఠం చదివినట్టు పైకి చదివారు.

"ఈ పాట మీకు ఎక్కడిది?"

డాక్టరుకి గుండె తేలికపడింది. ప్రాణం పోయే సంగతి కాదు, పాట సంగతే. ఆ తేలికలోనే నోట్లోంచి అబద్ధం వచ్చేసింది. "కొన్నానండీ. అన్నీ డబ్బు పెట్టి కొన్నవే."

సరిగ్గా అప్పుడే వయొలిన్ ఆగి, స్పీకరులోంచి ఒక అమ్మాయి గొంతు హుషారుగా పలికింది. "ఇలాంటి వేలాది పాటలు పూర్తి ఉచితంగా దించుకోవాలంటే వెంటనే మా సైటుకి రండి." ఆ వెంటనే వయొలిన్ ఏమీ ఎరగనట్టు మళ్ళీ సాగింది. అదే మాట బయటి స్పీకరులో కూడా వినిపించింది. వెయిటింగ్ రూములో ఎవరో ఆ సైటు పేరేమిటని అడిగారు.

అత్తగారు అల్లుడి వైపు చూశారు. అన్నేళ్ళ ఉద్యోగంలో ఎందరో పిల్లలు ఆ చూపుకే నిజం ఒప్పేసుకుని ఉంటారు. ఈలోగా పెద్దాయన ఇంకో వాక్యం రాశారు. ఆవిడ దాన్ని మాత్రం మెల్లగా చదివారు.

"అది నాది. వాయించింది నేను."

నాలుగు వందల పాటల్లో ఒక పాట సొంతదారు, నోట్లో సగం తవ్విన పన్నుతో, తన కుర్చీలోనే పడుకుని ఉన్నాడు. డాక్టరు ఒక్క నిమిషం అని గొణిగి వెనక గదిలోకి వెళ్ళి భార్యకి ఫోను చేశాడు. ఆమె లాయరు. కోర్టు వరండాలో ఉంది. జరిగిందంతా వింది.

"ఎన్ని పాటలు?" అని అడిగింది.

"నాలుగు వందలు."

"ఇంట్లో దించుకోవడం ఒక తప్పు. వ్యాపారం చేసే చోట జనానికి వినిపించడం ఇంకో తప్పు, దానికి వేరే అనుమతి ఉండాలి. మీరు రెండూ ఒకేసారి చేసి, పైగా కొన్నానని చెప్పారు. సరే, వినండి. ముందు ఆయనకి మామూలు మనిషిలా క్షమాపణ చెప్పండి. రెండోది, ఆ ఫైళ్ళన్నీ తీసెయ్య"

అక్కడ లైను తెగిపోయింది. తెలుగు క్రియకు అవునో కాదో చివరనే తేలుతుంది. ఆ చివర డాక్టరుకి వినిపించలేదు. మిగతాది తనే పూర్తి చేసుకుని రిసెప్షనుకి పరుగెత్తాడు.

పాటలన్నీ తీసెయ్యమన్నాడు. ముందు ఆయన్ని ఒక మాట అడగకూడదా అని అత్తగారు అన్నారు. లాయరు చెప్పిందని అల్లుడు తొందరపెట్టాడు. కూతురి మాట కాదనలేక ఆవిడ పనిలోకి దిగారు. ఆవిడ ఏ పనీ సగం చేసే మనిషి కాదు. నాలుగు వందలూ తీసేసి, కంప్యూటరులోని చెత్తబుట్టలో పడ్డవాటిని కూడా ఖాళీ చేసి, ఒకటికి రెండుసార్లు సరిచూశారు. వయొలిన్ మధ్యలో తెగిపోయింది.

లోపల్నించి ఒక మూలుగు వినిపించింది. డాక్టరు వెళ్ళి పెద్దాయన నోట్లోంచి రబ్బరు ముక్కా దూదీ తీసి, చేతులు జోడించి తప్పంతా ఒప్పుకున్నాడు. ఒక్క పాట కూడా మిగల్లేదనీ, అన్నీ తుడిచిపెట్టేశాననీ భరోసా ఇచ్చాడు.

పెద్దాయన మొహం ఇంజెక్షను లేని వైపు కూడా బిగుసుకుపోయింది.

"తుడిచేశారా?" అన్నారు మొద్దుబారిన పెదవులతో. "ఒక్క కాపీ అడుగుదామనుకున్నానండీ."

ముక్కలు ముక్కలుగా సంగతి చెప్పారు. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక రికార్డింగు కంపెనీకి ఆ పాట వాయించారు. హక్కులన్నీ వాళ్ళకే రాసిచ్చారు. కంపెనీ చేతులు మారింది. ఇంట్లో ఉన్న ఒక్క టేపూ చెమ్మకి పాడైంది. ఎన్ని దుకాణాలు తిరిగినా దొరకలేదు.

"ఆ వయొలిన్ వెనకాల పియానో ఉంది, విన్నారో లేదో. అది మా ఆవిడ. ఆమె వాయించింది ఇంకెక్కడా లేదు. ఆమె పోయి పదకొండేళ్ళయింది."

తను ఆ పాటను డ్రిల్లు చప్పుడు కప్పడానికి వాడుకున్నానని డాక్టరుకి తట్టింది. పియానో ఉన్నట్టే అతను గమనించలేదు.

అప్పుడే డాక్టరు భార్య టాక్సీ దిగి గబగబా లోపలికి వచ్చింది. ఫైళ్ళన్నీ తీసెయ్యకండి, సాక్ష్యం మాయం చేసినట్టవుతుంది అని చెప్పబోతే ఫోను తెగిందట. జరిగింది విని తల పట్టుకుంది. మళ్ళీ అదే సైటు నుంచి దించితే సరిపోతుంది కదా అని పెద్దాయన ఆశగా అడిగారు. చట్టం ప్రకారం అది ఆయనకి కూడా కుదరదని ఆమె చెప్పాల్సి వచ్చింది. పాట ఆయన వాయించిందే అయినా, ఆయనది కాదు.

పెద్దాయనకి ఆ మాట అర్థం చేసుకోవడానికి కాసేపు పట్టింది. డాక్టరు మాత్రం ఈసారి గట్టిగా నిలబడ్డాడు. తను ఇంకెప్పుడూ ఆ సైటు మొహం చూడననీ, బుద్ధి వచ్చిందనీ అన్నాడు.

"బుద్ధి రేపు తెచ్చుకుందురుగాని," అన్నారు అత్తగారు. "ముందు ఆ పాట దించండి అల్లుడుగారూ."

అల్లుడు భార్య వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి వీధిలోకి చూస్తూ, ఈ పది నిమిషాలూ తను ఇక్కడికి ఇంకా రాలేదని చెప్పింది.

పాట దిగింది. వెయిటింగ్ రూములో వాళ్ళు కూడా గుమ్మం దగ్గర చేరి విన్నారు. ఆ రోజు ఒక్కరూ ఫోను కోసం బయటికి వెళ్ళలేదు. మధ్యలో ప్రకటన వచ్చినప్పుడు పెద్దాయన చెయ్యెత్తి ఆగమన్నట్టు సైగ చేశారు. పియానో ఒంటరిగా వినిపించే చోట కళ్ళు మూసుకున్నారు. తర్వాత డాక్టరు పన్ను పూర్తి చేశాడు. ఫీజు ఎంతని ఆయన అడిగితే, అత్తగారు రిజిస్టరు మూసేశారు.

అయినా లాయరుకి మనసు ఊరుకోలేదు. ఆ కంపెనీని ఇప్పుడు ఎవరు నడుపుతున్నారో వెతికి పట్టుకుని, ఆ పాటకి చట్టబద్ధంగా ఒక కాపీ ఇప్పించమని పెద్దాయన తరఫున ఉత్తరం రాసింది. మూడు వారాల తర్వాత జవాబు వచ్చింది. సదరు పాట మీద సర్వహక్కులూ తమవేననీ, అయితే పాట మాత్రం తమ దగ్గర లేదనీ, ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి ఒక కాపీ పంపవలసిందనీ అందులో ఉంది.

సంతకం కింద, అనుమతి లేకుండా కాపీ చేయడం నేరమని చిన్న అక్షరాల్లో అచ్చువేసి ఉంది.