డాక్టర్ కాసులమ్మగారి సర్వీసు రిజిస్టరు

మనిషై పుట్టాక ఏదో ఒకటి సాధించాలి. సాధించినదాన్ని మార్చి ముప్పై ఒకటి సాయంత్రం ఐదు గంటల్లోగా పోర్టల్లో ఎక్కించాలి. రెండోది జరగకపోతే మొదటిది కూడా జరగనట్టేనని విశాఖపట్నంలోని సాగరతీర విశ్వవిద్యాలయం తీర్మానించి నాలుగేళ్లయింది. జీవితసత్యాన్ని ఇంత సూటిగా చెప్పిన సంస్థ ఇంకొకటి లేదు.

ఆ విశ్వవిద్యాలయం ఇంగ్లీషు శాఖలో కుసుమకుమారి పదకొండేళ్లుగా కాంట్రాక్టు లెక్చరర్. (మొదట్లో తాత్కాలికం అనేవారు. పదేళ్లు దాటాక ఆ మాట అనడానికి అందరికీ మొహమాటం వేసింది.) పెందుర్తి నుంచి రోజూ రెండు బస్సులు మారి వస్తుంది. ఉద్యోగం పర్మనెంటు కావాలంటే పోర్టల్లో నూరు పాయింట్లుండాలి. ఆమెకు అరవై రెండున్నాయి. జూలై దాటితే వయోపరిమితి కూడా దాటిపోతుంది, అంటే ఇక ఈ జన్మకి లేదు.

శాఖాధిపతి ప్రొఫెసర్ గురునాథరావుకు మూడువందల పది పాయింట్లున్నాయి. సభలో శాలువా కప్పినా, కప్పించుకున్నా అర పాయింటు, ఫొటోలో బ్యానరు కూడా పడితే ఒకటి. (శాలువా లేకుండా మాట్లాడితే దాన్ని ప్రసంగం అనరు, కబుర్లంటారు.) మిగతా అధ్యాపకుల పరిశోధన వ్యాసాలన్నీ ఒకే అంతర్జాతీయ పత్రికలో వస్తాయి. ఆ పత్రిక ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు పైన, మూడో అంతస్తులో, జెరాక్సు మిషను పక్కన వెలువడుతుంది.

కుసుమకుమారికి ఈ విద్యలు అబ్బలేదు. ఏడేళ్లపాటు ఆదివారం ఆదివారం పెదజాలరిపేట వెళ్లి, చేపలమ్మే కాసులమ్మ పక్కన ఇసకలో కూలబడి, ఆవిడ చెప్పే సముద్రం కథలన్నీ రాసుకుని ఇంగ్లీషులోకి తెచ్చింది. లండన్‌లో ఒక మంచి ప్రచురణ సంస్థ వాటిని పుస్తకంగా వేసింది. కథలు కాసులమ్మవి గనక అట్టమీద ఆమె పేరు ముందు, తన పేరు తర్వాత వెయ్యమంది. పదకొండేళ్ల సర్వీసులో కుసుమకుమారి చేసిన తప్పు అదొక్కటే.

ఎందుకంటే విదేశీ ప్రచురణకు నలభై పాయింట్లు, అవన్నీ మొదటి రచయితకే. రెండో రచయితకు ప్రోత్సాహకంగా రెండు. మొదటి రచయిత పేరు శాఖ అధ్యాపకుల జాబితాలో లేకపోతే ఎవరికీ ఏమీ లేదు. పై నెలలో మదింపు కమిటీ వస్తోంది. కళ్లెదుట శాఖ లెక్కలో నలభై పాయింట్లు పోతుంటే గురునాథరావుకు అన్నం సయించలేదు. డేటా ఆపరేటరు తవిటయ్యను పిలిచి ఆ పేరేదో జాబితాలో కలిపెయ్యమన్నారు.

తవిటయ్య కలిపేశాడు. విద్యార్హత గడి నింపకపోతే పోర్టల్ ముందుకు కదలదు. అందులో ఉన్నవి రెండే: పీహెచ్‌డీ పూర్తయింది, పీహెచ్‌డీ చేస్తున్నారు.

“అరవై ఎనిమిదేళ్ల మనిషి ఇంకా సేత్తన్నారంటే బాగోదు గదా మేడం,” అని తర్వాత కుసుమకుమారికి నచ్చజెప్పాడు.

అలా కాసులమ్మ డాక్టరైంది. ప్రత్యేక రంగం: సముద్రం. అనుభవం: నలభై ఐదేళ్లు. ఆ అంకె చూసి పోర్టల్ తనంతట తానే ఆవిణ్ని సీనియర్ ప్రొఫెసర్ను చేసి, ఇన్నేళ్లలో ఒక్క సెలవైనా వాడుకోనందుకు అభినందన సందేశం కూడా పంపింది. సర్వీసు రిజిస్టరులో సంతకం అవసరమైతే అదీ తవిటయ్యే పెట్టాడు, కింద ఒక గీత గీసి మరీ.

పోర్టల్లో తన పేరు ముందు, కాసులమ్మ పేరు తర్వాత వచ్చేలా మార్చమని కుసుమకుమారి అర్జీ పెట్టుకుంది. మొదటి రచయిత సమ్మతి కావాలన్నారు. కాసులమ్మ గంప దించకుండానే విషయమంతా విన్నది.

“దానికేటమ్మా, ఏలిముద్ర ఏసెత్తాను, తే. నీ ఉజ్జోగం కంటే నా పేరెక్కువేటి?”

వేలిముద్ర తిరిగొచ్చింది. పీహెచ్‌డీ ఉన్నవారి వేలిముద్ర చెల్లదని నిబంధన ఇరవై మూడు చెబుతోంది. (వాళ్లకి చదవడం రాయడం వచ్చునని పోర్టల్ నమ్మకం. ఎవరి నమ్మకం వాళ్లది.)

కుసుమకుమారి పలక కొంది. మూడు వారాలు కాసులమ్మ చెయ్యి పట్టుకుని దిద్దించింది. ‘సు’ దగ్గర కొమ్ము తిరగనని మొండికేసింది. బేరం లేనప్పుడు కాసులమ్మ గంప అంచు మీద తడి వేలితో రాసి చూసుకునేది. మొత్తానికి ఒక ఆదివారం పేరు పూర్తిగా వచ్చింది.

“నా పేరు ఇలాగుంటాదేటి,” అంది కాసులమ్మ పలక కేసి చూస్తూ. “ఇన్నాళ్లూ సూడ్లేదు.”

కుసుమకుమారికి ఏడుపొచ్చినంత పనైంది. పర్మనెంటు సంగతి ఆ పూటకి మరిచిపోయింది.

ఆ సంతకమూ తిరిగొచ్చింది. సర్వీసు రిజిస్టరులో ఉన్న సంతకంతో పోలడం లేదు, కింద గీత లేదు. సీనియర్ ప్రొఫెసర్ సంతకాన్ని ఫోర్జరీ చేసినందుకు సంజాయిషీ ఇమ్మని కుసుమకుమారికి మెమో వచ్చింది.

ఇక లాభం లేదని ఆమె కాసులమ్మనే శాఖాధిపతి గదికి తీసుకెళ్లింది. గురునాథరావు గబుక్కున లేచి నిలబడ్డారు. సీనియారిటీలో ఆయనకన్నా ఆవిడ పదిహేనేళ్లు పెద్ద.

“బాబూ, ఈ సంతకం నానే ఎట్టినాను. ఈ అమ్మ ఉజ్జోగం ఈ అమ్మకిచ్చీండి,” అంది కాసులమ్మ.

“మీరన్నారు, బాగానే ఉందండీ. కానీ మీరు మీరేనని రుజువు ఉండాలి కదా.”

“నాను నానేనని మా ఈది ఈదంతా సెబుతాది.”

గురునాథరావు చాలా బాధపడ్డారు. “వీధి గెజిటెడ్ కాదండీ,” అన్నారు. తర్వాత బీరువాలోంచి ఒక శాలువా తీసి ఆవిడకు కప్పి, బ్యానరు ముందు ఫొటో తీయించుకుని, ఆ పాయింటు సాయంత్రంలోగా ఎక్కించుకున్నారు.

కమిటీ వచ్చింది. జాబితా చూసింది. ఒక సీనియర్ ప్రొఫెసర్ గదిలో కూర్చోకుండా ఏడాది పొడుగునా క్షేత్రంలోనే ఉండటం అపూర్వమని రాసి, శాఖకు అన్నింటికన్నా పెద్ద గ్రేడిచ్చింది. శాఖలో లడ్డూలు పంచారు. కుసుమకుమారికీ ఒకటి వచ్చింది.

ఇంత గొప్ప శాఖలో కాంట్రాక్టు సిబ్బంది అవసరమేమిటో పరిశీలించమని కమిటీ చివర్లో ఒక చిన్న సూచన చేసింది. పరిశీలించారు. శాఖకు మంజూరైన పోస్టులు ఎనిమిది. పాతవారు ఏడుగురు, డాక్టర్ కాసులమ్మగారితో ఎనిమిది. శనివారం కుసుమకుమారికి ఉత్తర్వు అందింది. ఖాళీలు లేనందున ఆమె సేవలు నేటితో ముగిశాయనీ, పదకొండేళ్ల సహకారానికి కృతజ్ఞతలనీ అందులో ఉంది. విద్యార్థులకు ఏ ఇబ్బందీ కలగకుండా, ఆమె చెబుతున్న ఇంగ్లీషు క్లాసులన్నీ సోమవారం నుంచి డాక్టర్ కాసులమ్మగారు చెబుతారు.