జెక్షెన్‌బెక్ గారి మర్యాదగల యాప్

ఇకమీదట ప్రజలు ప్రభుత్వం దగ్గరికి రానక్కరలేదని, ప్రభుత్వమే ప్రజల జేబుల్లోకి వస్తుందని మా కెన్‌బులాక్ జిల్లా అకీమ్ జెక్షెన్‌బెక్ గారు వేదిక మీంచి ప్రకటించారు. ముందు వరసలోవాళ్ళు అలవాటు కొద్దీ జేబులు తడుముకున్నారు. అకీమ్ అంటే జిల్లాకి పెద్ద. మా పెద్ద చెప్తున్నది మొబైల్ యాప్ గురించి. జిల్లా పత్రిక ఫోటోగ్రాఫర్ని కనక నేను వేదిక కింద మోకాళ్ళ మీద కూచుని, ఆయన చూపుడువేలు పైకి లేచినప్పుడల్లా ఫోటో తీస్తున్నాను.

ఆ యాప్ మీద నాకూ కాస్త స్వార్థం ఉంది. మా ఏడో నంబరు భవనంలో చలికాలం మొదలైన దగ్గర్నించీ వేడి గొట్టాలు చల్లగానే ఉన్నాయి. బాయిలర్ ఉంది. దాని పక్కనే బొగ్గు గుట్ట కూడా ఉంది. బొగ్గు ముట్టుకోవాలంటే రాజధాని నుంచి అనుమతి రావాలి, అనుమతి రావాలంటే ఫిర్యాదులుండాలి, ఫిర్యాదులు కాగితం మీద చెల్లవు, యాప్‌లోనే ఇవ్వాలి. మా పక్కింటి ముసలావిడ బురుల్ అపా, అంటే బురుల్ అమ్మ, రెండు కోట్లు తొడుక్కుని, మీద దుప్పటి కప్పుకుని, యాప్ ఎప్పుడు పుడుతుందా అని ఎదురుచూస్తోంది.

అంతకుముందు అకీమ్ గారి మేనల్లుడు ఒక యాప్ చేశాడు. తెరిస్తే అకీమ్ గారి ఫోటో వచ్చేది. నొక్కితే ఆ ఫోటో ఇంకా పెద్దదయ్యేది. రాజధానివాళ్ళు మెచ్చుకుంటూనే, ఒక యూఐ యూఎక్స్ డిజైనర్ని కూడా పెట్టుకోమని సలహా రాశారు.

"యూఐ అంటే మొహం. యూఎక్స్ అంటే మర్యాద," అని అకీమ్ గారు ఆఫీసులో అందరికీ అరటిపండు ఒలిచినట్టు చెప్పారు. "మర్యాద సంగతి మన కిర్గిజులకి ఎవడ్రా నేర్పేది?"

అందుకని ఇంటర్వ్యూలో కంప్యూటర్ పెట్టలేదు. బల్ల మీద పళ్ళెంలో ఉడికిన గొర్రె మాంసం ఎముకలతో సహా పెట్టారు. అకీమ్ గారు, పెద్దల సంఘం అధ్యక్షుడు, మేనల్లుడు చుట్టూ కూచున్నారు. ఎవరి ముందు ఏ ఎముక పెట్టాలో పెట్టి చూపించడమే పరీక్ష. వయసును బట్టి, హోదాను బట్టి ఒక్కొక్కరికి ఒక్కో ఎముక ఉంటుంది. ఇటుది అటైతే మాటల్లేకుండా పోయిన చుట్టాలు మా జిల్లాలో చాలామందే ఉన్నారు.

రాజధాని నుంచి వచ్చిన మొదటి కుర్రాడికి విదేశీ సర్టిఫికెట్లున్నాయి. "ముందు ఎవరికి ఆకలేస్తోందో కనుక్కోవాలి సార్," అన్నాడు. పెద్దల సంఘం అధ్యక్షుడికి పక్కటెముక పెట్టాడు. ఆ పెద్దాయన టోపీ తీసుకుని బయటికి వెళ్ళిపోతే, ఇద్దరు కాళ్ళావేళ్ళా పడి వెనక్కి తీసుకొచ్చారు. కుర్రాడిని మాత్రం ఎవరూ వెనక్కి పిలవలేదు.

రెండో మనిషి బేగాయిమ్. మా ఊరి పిల్లే. చేతులు కడుక్కొచ్చి తుంటి ఎముక పెద్దాయనకి, తొడ ఎముక అకీమ్ గారికి, చెవి ముక్క మేనల్లుడికి పెట్టింది. చెవి ముక్క పిల్లలకి పెడతారు, పెద్దల మాట వింటారని.

"ఎక్కడ నేర్చుకున్నావ్ అమ్మాయ్?" అన్నారు అకీమ్ గారు.

"పెళ్ళిళ్ళలో వడ్డించేదాన్ని బాయ్‌కే. ఆ కూలితోనే డిజైన్ చదువుకున్నా," అంది. బాయ్‌కే అంటే అన్నగారు.

"చదువు కూడా ఉందా? సరే, ఉంటే ఉండనీ," అని ఆయన పెద్ద మనసుతో ఉద్యోగం ఇచ్చేశారు.

వారం తిరక్కుండా బేగాయిమ్ యాప్ పట్టుకొచ్చింది. తెర నిండా ఒకే ఒక ఎర్ర బటన్. దాని మీద 'చలేస్తోంది' అని ఉంది. చేతికి తొడుగులున్నా తగిలేంత పెద్దది.

"నొక్కితే?"

"ఫిర్యాదు రాజధానికి వెళ్తుంది బాయ్‌కే. బొగ్గుకి అనుమతొస్తుంది."

"తర్వాత?"

"తర్వాత చలెయ్యదు."

అకీమ్ గారు బాధగా తల అడ్డంగా ఊపారు. "అమ్మాయ్, నేను మీ ఇంటికొచ్చి, గుమ్మంలోంచే 'మీ గుర్రం ఇయ్యి' అన్నాననుకో. ఏమనుకుంటావ్?"

"తిక్క మనిషనుకుంటా."

"మరి నా యాప్‌లోకొచ్చినవాడు సలాం లేకుండా, కుశలం లేకుండా, చలేస్తోందని మీద పడతాడా? మనిషా, పశువా?"

దాంతో యాప్‌లోకి మర్యాద ప్రవేశించింది. తెరవగానే అకీమ్ గారి ఫోటో పలకరిస్తుంది. ఆరోగ్యం బాగుందా? పిల్లలు బాగున్నారా? గొర్రెలు బాగున్నాయా? ఇల్లు వెచ్చగా ఉందా? ప్రతిదానికీ జవాబు నొక్కాలి. అకీమ్ గారొక్కరే పలకరిస్తే మిగతావాళ్ళు చిన్నబుచ్చుకుంటారని పెద్దల సంఘం, పశువైద్య శాఖ, అగ్నిమాపక దళం కూడా వరసగా అవే అడుగుతాయి. ఆ తర్వాత టీ వస్తుంది. బొమ్మలో టీ చల్లారేదాకా ఆగాలి. వెళ్ళేముందు రొట్టె తుంచి నోట్లో వేసుకోకుండా మా వైపు ఎవరింట్లోంచీ కదలనివ్వరు కనక, రొట్టె బొమ్మ నొక్కితే తప్ప యాప్ మూసుకోదు. రొట్టె చాలా చిన్నది.

బేగాయిమ్ ఒక్క విషయంలో మాత్రం మొండికేసింది. "'బాగున్నాం' పక్కన 'బాగోలేదు' కూడా పెడతాను బాయ్‌కే."

"పెట్టుకో. నొక్కేవాడెవడూ ఉండడు."

జనం నాడి తెలిసిన నాయకుడు మరి. యాప్ వచ్చిన రోజు నేనూ కోటులో ముడుచుకుని తెరిచాను. ఇల్లు వెచ్చగా ఉందా అని అకీమ్ గారు అడిగారు. నా బొటనవేలు దానంతటదే 'దేవుడి దయ, వెచ్చగా ఉంది' మీదికి పోయింది. ఇల్లు వెచ్చగా ఉన్నవాళ్ళకి ఎర్ర బటన్ ఎందుకని, అలా నొక్కినవాళ్ళకి అది రాకుండా మేనల్లుడు అప్పటికే ఏర్పాటు చేశాడట. అది కనబడలేదు. టీ మాత్రం వచ్చింది.

"మీరు ఏం నొక్కారు అపా?" అని బురుల్ అపాని అడిగాను.

"వెచ్చగా ఉందనే నొక్కాను. పెద్దమనిషి నోరు తెరిచి అడిగితే మొహాన లేదని ఎలా అంటాంరా?" అంది, పళ్ళు టకటకలాడుతుంటే.

నెల తిరిగేసరికి రాజధాని నుంచి జిల్లాల యాప్‌ల పోటీ ఫలితాలొచ్చాయి. ఒకసారి తెరిచిన యాప్‌ని జనం అంతసేపు వదలకుండా ఉండడం దేశంలో ఇంకెక్కడా లేదట. మొదటి బహుమతి మాకే. పైగా జిల్లాలో చలి అన్నవాడు ఒక్కడూ లేడు. కనక మా బొగ్గు మిగులు కింద లెక్క. దాన్ని మర్యాద తెలియని పక్క జిల్లావాళ్ళకి పంపుతారని, బహుమతి ఇవ్వడానికి వచ్చే రాజధాని కమిషన్ అధ్యక్షులవారే ఆ ఉత్తర్వు మీద సంతకం చేస్తారని తెలిసింది.

అధ్యక్షులవారు వచ్చిన రోజు బేగాయిమ్ ఆయన కారుకి అడ్డం నిలబడింది. "ఒక్కసారి ఏడో నంబరుకి రండి సార్. ఏదైనా ఒక ఇంట్లో కూచోండి, చాలు." ఆయన సరేనన్నారు. ఆ పిల్ల ఆయనకంటే ముందే పరిగెత్తుకొచ్చి మా మెట్ల మీద చేతులు జోడించింది. "మీ కాళ్ళకి మొక్కుతా. చలేస్తోందని ఒక్క మాట చెప్పండి. ఈ చలికాలం గట్టెక్కుతాం."

"చెప్పకపోతే అడుగు!" అన్నాం అందరం. బురుల్ అపా అయితే, "చెప్పడమేంటి, దులిపేస్తాను," అంది. నేనూ చెప్తానన్నాను.

అధ్యక్షులవారు అకీమ్ గారిని వెంటబెట్టుకుని బురుల్ అపా ఇంటికే వచ్చారు. అపా ఆయన్ని గుమ్మానికి ఎదురుగా, అతిథి కూచునే చోట కూచోబెట్టింది. నెత్తి మీదే చల్లటి గొట్టం. టీ పోసింది. ఆయన కోటు విప్పలేదు, బొచ్చు టోపీ తియ్యలేదు.

"ఎలా ఉన్నారమ్మా? ఆరోగ్యం బాగుందా? ఇల్లు వెచ్చగా ఉందా?" అన్నారు. మాటతోపాటు నోట్లోంచి పొగలొచ్చాయి.

బేగాయిమ్ అపా మొహంలోకి చూసింది.

"దేవుడి దయ నాయనా, వెచ్చగా ఉంది. నీకు వెచ్చగా ఉందా?"

"స్వర్గంలా ఉందమ్మా," అన్నారాయన నీలం తిరిగిన పెదాలతో.

పక్కింటివాణ్ణని నన్ను కూడా అడిగారు. చాలా బాగున్నామని చెప్పాను.

"ఆ బకెట్ చూడండి సార్! నీళ్ళు రాయిలా అయిపోయాయి!" అని అరిచింది బేగాయిమ్.

"అతిథి ముందు ఏం మాటలే అవి? అమ్మా నాన్నా నేర్పలేదూ?" అని అపా కసిరింది. బేగాయిమ్ గోడవైపు తిరిగి ఏడ్చింది.

అకీమ్ గారు బొగ్గు ఉత్తర్వు తీసి టీ కప్పుల మధ్య పరిచారు. అధ్యక్షులవారు కలం పెట్టి గీశారు. రాయలేదు. మళ్ళీ గీశారు. సిరా గడ్డకట్టింది. ఆయన కలాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, దాని మీద ఊపిరి ఊదుతూ కాసేపు కూచున్నారు. సిరా కరిగాక, జిల్లాలో వేడి మిగిలిపోతోందని రాసి ఉన్న చోట సంతకం చేశారు. నేను ఫోటో తీశాను.