ఉప్పు తక్కువంటున్న ఎర్రలైటు

"ఇకనుంచి మన ఈతకొలనులో ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది. క్లోరిన్ వస్తే శుభ్రత వస్తుంది. శుభ్రత వస్తే అభివృద్ధి దానంతటదే వస్తుంది" అని జలక్రీడల మంత్రిగారు ప్రకటించినప్పుడు నేను ఆయనకు రెండు గజాల దూరంలో ఉన్నాను. కొలను టికెట్ కౌంటర్‌లో కూర్చునేది నేనే. చరిత్రను అంత దగ్గర నుంచి చూసే అదృష్టం అందరికీ దక్కదు.

ఆ రోజు ప్రారంభమైంది ఒక యంత్రం. ఉప్పు కలిపిన నీళ్లు దానిలోంచి పోతుంటే, లోపలి పలకల్లో కరెంటు పారి క్లోరిన్ తయారవుతుంది. మంత్రిగారు స్విచ్ నొక్కారు, పచ్చలైటు వెలిగింది, చప్పట్లు మోగాయి. శిలాఫలకం దగ్గర మాత్రం చిన్న చిక్కొచ్చింది. పంపుగది గోడలు చెమ్మ పట్టి ఉండడంతో మేకు కొట్టిన ప్రతిచోటా పెచ్చు ఊడుతోంది. మా కొలను ప్రత్యేకాధికారిగారు ఊరికే ప్రత్యేకాధికారి కాలేదు. ఫలకాన్ని తెచ్చి యంత్రం మూత మీదే నాలుగు బోల్టులతో బిగించేయించారు. తన పేరు ఇలా నేరుగా యంత్రానికే తగిలించడం చూసి మంత్రిగారి కళ్లు చెమర్చాయి.

ఆ ఆనందంలోనే ఆయన పక్కనున్న పంపు ఆపరేటర్ భుజం మీద చెయ్యేశారు. ఆ భుజం మా బావది. అంటే మా అక్క మొగుడు. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మనిషి. ఏటా మార్చి ఆఖర్న ఆయన ఉద్యోగం పోతుంది, ఏప్రిల్ రెండోవారంలో మళ్లీ వస్తుంది. ఆ మధ్య రోజుల్లో మా అక్క ఎవరితోనూ మాట్లాడదు.

"మూడు నెలల్లో వచ్చి ఈ కొలనులో నేనే స్వయంగా ఈదుతాను. నేను ఈదిన రోజే నీ ఉద్యోగం పర్మినెంట్" అన్నారు మంత్రిగారు.

ప్రత్యేకాధికారిగారు ఆ మాటను పొల్లుపోకుండా నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

రెండు నెలలు యంత్రం బుద్ధిగా పనిచేసింది. తర్వాత ఒక ఉదయం పచ్చలైటు ఆరిపోయి ఎర్రలైటు వెలిగింది. దాని కింద 'ఉప్పు తక్కువ' అని ఉంది. బావ నీళ్లలో పరీక్ష కాగితం ముంచి చూశాడు. ఉప్పు ఉండాల్సినంత ఉంది. ఆయన తల గోక్కుని, యంత్రానికి చెవి ఆనించి, పైపులు తట్టి చూసి విషయం తేల్చేశాడు. మన నీళ్లలో సున్నం ఎక్కువ. గీజరు రాడ్డుకు పట్టినట్టు లోపలి పలకలకు తెల్లగా పెచ్చు కట్టింది. దాంతో కరెంటు సరిగా పారక, ఉప్పే తక్కువైందని యంత్రం అనుకుంటోంది. మూత విప్పి, పలకల పెట్టెను బయటికి తీసి, పలచటి యాసిడ్‌లో పావుగంట నానబెట్టి కడిగితే సరి. అరగంట పని.

ఆ మూత మీదే ఫలకం ఉంది.

"మంత్రిగారి పేరున్న రాయిని స్పానర్‌తో ముట్టుకుంటావా?" అన్నారు ప్రత్యేకాధికారిగారు.

"బోల్టులే ముట్టుకుంటానండీ. పేరు జోలికి పోను."

"లైటు ఏమంటోంది?"

"ఉప్పు తక్కువంటోందండీ."

"నువ్వేమంటున్నావు?"

"ఉప్పు సరిపోయిందంటున్నానండీ."

"లైటు పర్మినెంటా, నువ్వు పర్మినెంటా?"

అంత సూటిగా పాలించే అధికారులు మనకు ఇంకో నలుగురుంటే దేశం ఎక్కడో ఉండేది.

మర్నాడు యాభై బస్తాల ఉప్పు దిగింది. లైటు మారలేదు. వారానికి రెండు వందలు దిగాయి. లైటు చలించలేదు. ఆ తర్వాత బస్తాలు లెక్కపెట్టడం మానేసి లారీలు లెక్కపెట్టాం. క్లోరిన్ లేని నీళ్లు మాత్రం పచ్చబడ్డాయి. పచ్చదనం కూడా ప్రభుత్వ లక్ష్యమేనని ప్రత్యేకాధికారిగారు గేటు దగ్గర బోర్డు పెట్టించారు. రోజూ ఈదే రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు ఒళ్లు గోక్కుంటూ నా కౌంటర్ దగ్గరికొచ్చి, "ఇంకో వారం నానితే నన్ను జాడీలో పెట్టుకోవచ్చు, ఏడాది నిలవుంటాను" అన్నారు. అది ప్రశంసగా ఫిర్యాదుల పుస్తకంలో నమోదైంది.

బావ ఊరుకోలేదు. వారానికొకటి చొప్పున అర్జీలు పెట్టాడు. చివరికి ముగ్గురు సభ్యుల రుచి కమిటీ వచ్చింది. తలా ఒక చెంచా నీళ్లు నోట్లో వేసుకున్నారు. ఇద్దరు సభ్యులు మొహం వికారంగా పెట్టి ఉమ్మేశారు. ఛైర్మన్‌గారు మాత్రం నిబ్బరంగా మింగారు.

"నాకు బీపీ. పదేళ్లుగా ఉప్పు మానేశాను. ఉప్పు రుచెలా ఉంటుందో మర్చిపోయాను. కాబట్టి నిష్పాక్షికంగా చెప్పగలను. ఇది తక్కువే" అన్నారు.

మరో మూడు లారీలు వచ్చాయి.

మంత్రిగారు ఈదడానికి వచ్చేది రేపనగా, ఇంట్లో అక్క పళ్లెం కొంచెం గట్టిగానే పెట్టింది.

"ఆ రాయి పీకి అవతల పెట్టండీ. పదకొండేళ్ల నుంచి చూస్తున్నాను, మీకు పని రాదని ఒక్కరైనా అన్నారా?"

"తీస్తే రాయి ముట్టుకున్నానని పీకేస్తారు. తీయకపోతే మంత్రికి దురదలొచ్చాయని పీకేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"ఎటూ పీకేస్తారుగా. పని చేసి పీకించుకోండి."

నాకు మా బావంటే ఎప్పుడూ ఇష్టమే. ఆ మాట విని ఆయన లేచి స్పానర్ వెతుక్కున్నప్పుడు మాత్రం గౌరవం కూడా కలిగింది.

తెల్లవారగానే ఇద్దరం పంపుగదిలోకి వెళ్లాం. నాలుగు బోల్టులు విప్పి, ఫలకాన్ని నా తువ్వాలు మీద పడుకోబెట్టాం. పలకల మధ్య వేలెడు మందాన సున్నం. బావ నీళ్లలో యాసిడ్ కొద్దికొద్దిగా కలిపి పలకల్ని ముంచాడు. బుసబుసమని నురగ లేచింది. పావుగంటకు పలకలు కొత్తవాటిలా మెరిశాయి. కడిగి, బిగించి, రాయి యథాస్థానంలో పెట్టి స్విచ్ నొక్కాడు.

'ఉప్పు తక్కువ' లైటు ఆరిపోయింది. బావ మొహం వెలిగింది. ఆ వెంటనే దాని పక్కనున్న ఇంకో ఎర్రలైటు వెలిగి, యంత్రం పూర్తిగా ఆగిపోయింది. దాని కింద 'ఉప్పు ఎక్కువ' అని ఉంది.

"ఇప్పటికి నిజం చెప్పింది" అన్నాడు బావ. సగం నీళ్లు తోడేసి మంచినీళ్లు నింపితే తప్ప అది కదలదట. దానికి రెండు రోజులు పడుతుంది. మంత్రిగారు రావడానికి రెండు గంటలుంది.

ఆయన నీలం రంగు ఈతదుస్తుల్లో వచ్చారు. ఆయనకు ఈత రాదన్న సంగతి అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. మెట్టు మీద కాలు జారి వెల్లకిలా నీళ్లలో పడ్డారు. జనం కెవ్వుమన్నారు. బావ దూకబోయాడు.

అవసరం లేకపోయింది. మంత్రిగారు మునగలేదు. బెండులా పైకి లేచి, పచ్చటి నీళ్ల మీద బొజ్జ పైకి పెట్టుకుని నిలిచిపోయారు. చేతులు ఆడించలేదు, కాళ్లు ఆడించలేదు. కాసేపటికి ధైర్యమొచ్చి చేతులు బొజ్జ మీద కట్టుకున్నారు. ఫొటోగ్రాఫర్లు ఎగబడ్డారు.

"చూశారా" అన్నారు మంత్రిగారు ఆకాశం వైపు చూస్తూ. "నా పాలనలో ఎవరూ మునగరు. ఇదంతా ఆ యంత్రం మహిమ. ఈ కొలనులో నీటిచుక్క కూడా మార్చడానికి వీల్లేదు."

"యంత్రం ఆగిపోయిందండీ" అన్నాడు బావ.

"ఆగిపోయే ఇంత పని చేస్తోందంటే, ఎంత గొప్ప యంత్రమో" అన్నారు మంత్రిగారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చెయ్యి ఆగలేదు.

పదిరోజుల తర్వాత బావకు ఉత్తర్వు వచ్చింది. ఆయన చదివి నాకిచ్చాడు. నేను చదివి అక్కకిచ్చాను. గౌరవ మంత్రిగారు ఈదిన రోజే ఉద్యోగం పర్మినెంట్ అన్నది షరతు. సదరు తేదీన గౌరవ మంత్రిగారు ఈదలేదు, తేలారు. కనుక షరతు నెరవేరలేదు. అయినా మానవతా దృక్పథంతో ఒక అవకాశం ఇస్తున్నాం. గౌరవ మంత్రిగారికి ఈత నేర్పే బాధ్యత సదరు ఆపరేటర్‌దే. కొలను నీళ్లు మాత్రం మార్చరాదు.

ప్రతి మంగళవారం మంత్రిగారు వస్తారు. బావ నడుంలోతు నీళ్లలో నిలబడి, ఆయన కాళ్లు పట్టుకుని నీళ్లలోకి నొక్కుతాడు. వదలగానే అవి పైకి లేస్తాయి. మళ్లీ నొక్కుతాడు.

"ఈదుతున్నానా?" అని అడుగుతారు మంత్రిగారు కళ్లు మూసుకుని.

"ఇంకా లేదండీ" అంటాడు బావ. అబద్ధమాడడం ఆయనకు అలవాటు లేదు.

పదకొండు వారాలు అలాగే గడిచాయి. మార్చి దగ్గరపడింది. అక్క మాటలు తగ్గించింది. పన్నెండో మంగళవారం మంత్రిగారు అడిగినప్పుడు బావ నీళ్లకేసి చూశాడు.

"ఈదుతున్నారండీ" అన్నాడు.

ఒడ్డు మీద ప్రత్యేకాధికారిగారు నోట్‌బుక్ తెరవబోయి, ఒక్కరి మాట మీద పర్మినెంట్ చేయడం కుదరదని పాత రుచి కమిటీనే పిలిపించారు. ఛైర్మన్‌గారు వచ్చారు. కుర్చీ వేయించుకుని, అద్దాలు తుడుచుకుని, నీళ్ల మీదున్న మంత్రిగారిని చాలాసేపు గమనించారు.

"నాకు ఈత రాదు. ఈత ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు కూడా. కాబట్టి నిష్పాక్షికంగా చెప్పగలను" అన్నారు. "ఇది తేలడమే."

బావ మళ్లీ కాళ్లు పట్టుకుని నొక్కాడు.