పదికి పది మార్కుల బండి

నా కొత్త మోటారు సైకిలులో ఎటువంటి విద్యుత్ లోపమూ లేదని ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. ఇది నా సొంత అభిప్రాయం కాదు. కంపెనీవారు ఆరుసార్లు పరీక్షించి, ఆరుసార్లూ రాతపూర్వకంగా ధ్రువీకరించారు. ఆరు కాగితాల మీదా నా సంతకం ఉంది. కాకపోతే బండి మధ్యమధ్యలో ఆగిపోతుంది. ఆ సంగతి కాగితాల్లో లేదు కాబట్టి దాన్ని పెద్దగా పట్టించుకోనవసరం లేదు.

నేను ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పొద్దున్నే ఇళ్లకు వెళ్లి, పరగడుపున కూర్చున్నవాళ్ల చేతుల్లోంచి రక్తం తీసి, ట్యూబుల్లో నింపి ల్యాబుకు చేర్చడం నా పని. ఈ ఉద్యోగానికి రెండే అర్హతలు: నరం దొరకబుచ్చుకునే చెయ్యి, సొంత బండి. చేతి విషయంలో నాకు మంచి పేరే ఉంది. బండి ముసలిదైపోయిందని కొత్తది కొన్నాను. ఆలస్యంగా వచ్చానని ముగ్గురు ఫిర్యాదు చేస్తే నాలుగోవాడి కోసం ఎదురు చూడకుండా ఇంటికి పంపేస్తారన్నది మా ల్యాబు నిబంధన. మా అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు ఆ సూది మొన మీదే బతుకుతున్నారు.

కొన్న మూడో రోజున బండి తన ప్రతిభ చూపించడం మొదలుపెట్టింది. ఇండికేటర్ వేస్తే హారన్ మోగింది. బ్రేకు తొక్కితే ముందు లైటు కన్ను కొట్టింది. ఒక సందులోకి తిరగబోతే ఇంజన్ టక్కున ఆగిపోయి, మీటరు నల్లబడి, రెండు క్షణాల తర్వాత వెలిగి ‘స్వాగతం’ అంది. అలా రోజుకు పదిహేనుసార్లు నాకు స్వాగతం చెప్పేది. మా అత్తగారింట్లో కూడా నాకు ఏనాడూ అంత మర్యాద జరగలేదు. మళ్లీ స్టార్ట్ చేద్దామంటే సెల్ఫ్ బటన్ పలకదు. కిక్ రాడ్ పాతకాలపు వస్తువు కనుక మా మోడల్లో దాన్ని తీసేశారు. కాబట్టి తోసుకుంటూ పోవడమే ఆధునిక పద్ధతి.

వారంటీ ఉంది కదా అని సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. అద్దాల గది, చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు, మీట నొక్కితే టీ పోసే యంత్రం. అద్దంలోంచి మన బండిని కడుగుతుండటం చూడొచ్చు. ఏ బండి ఏ జబ్బుతో వచ్చినా ముందు స్నానం చేయిస్తారు. లోపం దొరక్కపోయినా మురికైనా దొరుకుతుంది కదా.

అక్కడ నన్ను చూసుకునే ఉద్యోగం ఒక సర్వీస్ అడ్వైజరుది. మెడలో టై, చేతిలో టాబ్లెట్, నోట్లో ‘సార్’. ఎంత మంచివాడంటే, నేను చెప్పేదంతా కళ్లార్పకుండా విని, టాబ్లెట్‌లో ‘జనరల్ చెకప్’ అని రాసుకున్నాడు. లోపం మెకానిక్ కళ్లముందు జరిగితేనే లోపం అని నిబంధనట. నేను ఫోన్‌లో వీడియో చూపించాను.

“ఇందులో కనబడేది వీడియోలో ఉన్న బండి సార్. మేం చూడాల్సింది స్టాండు మీద ఉన్న బండిని” అన్నాడు వినయంగా.

స్టాండు మీద ఉన్న బండికి ఏ లోటూ లేదు. అక్కడ ముందు చక్రాన్ని ఇనుప పట్టీతో తిన్నగా బిగించి పరీక్షిస్తారు. తర్వాత షెడ్డు వెనకున్న బాట మీద నడిపిస్తారు. ఆ బాట గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. అటు చివర దిగి, బండిని ఎత్తి వెనక్కి తిప్పుకుని వస్తారు. ‘లోపం కనబడలేదు’ అన్న చీటీ ఇచ్చి, మర్యాద కోసం ఒక ఫ్యూజు మార్చారు.

బయల్దేరబోతుంటే అడ్వైజరు నా వెంటే గేటుదాకా వచ్చాడు. “సార్, రేపు హెడ్డాఫీసు నుంచి ఫోన్ వస్తుంది. మా సేవకి పదికి ఎన్ని మార్కులు అని అడుగుతారు. పది వెయ్యండి సార్. తొమ్మిది వేసినా మా లెక్కలో సున్నా కిందే. మొన్ననే నాకు పాప పుట్టింది సార్.”

పసిపిల్ల పాలదగ్గర మనం అడ్డం పడతామా? పది వేశాను.

రెండోసారి బ్యాటరీ మార్చారు. మూడోసారి రిలే మార్చారు. నాలుగోసారి మాత్రం నిజంగా సమస్య మూలంలోకి వెళ్లారు. ఇండికేటర్ వేస్తే హారన్ మోగుతోందని నా ఫిర్యాదు కనుక, హారన్ తీగ పీకేసి ‘ఫిర్యాదు పరిష్కరించబడినది’ అని రాశారు. అది అక్షరాలా నిజం. ఆ తర్వాత ఇండికేటర్ వేసినా, హారన్ బటన్ నొక్కినా, నేను నోటితో అరిచినా హారన్ మోగలేదు. ప్రతిసారీ స్నానం చేయించారు. ప్రతిసారీ నేను పది వేశాను. పాపకు మూడోసారికి బోర్లాపడటం వచ్చింది, అయిదోసారికి రెండు పళ్లు వచ్చాయి. ఆ పాప ఎదుగుదల మా ఇంట్లో పిల్లల ఎదుగుదల కన్నా నాకు బాగా గుర్తు.

ఈ సంగతి మా ఆవిడకు తెలిసిన రోజు ఇల్లు దద్దరిల్లింది.

“నీ బండి బాధ వాడికి చెప్పుకుని రమ్మంటే, వాడి ఇంటి బాధ నువ్వు మోసుకొచ్చావా?”

“పాపం, చిన్న ఉద్యోగం...”

“మరి నీదేమన్నా పెద్ద ఉద్యోగమా? బండి తోసుకుంటూ ఇంటికొచ్చి, కాళ్లకి మందు రాసుకుంటూ ఫోన్‌లో ‘చాలా బాగుందండీ’ అంటావా? సిగ్గులేదూ?”

సిగ్గు ఉండబట్టే కదా పది వేస్తున్నది! ఎదుటివాడు బతిమాలుతుంటే మొహం మీద ‘రెండు’ అనడానికి ఎంత సిగ్గులేనితనం కావాలి? ఈ సూక్ష్మం మా ఆవిడకు అర్థం కాలేదు. నాకు మాత్రం లోలోపల ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తేలక ఆ మంట అలాగే ఉండిపోయింది.

ఈలోగా నేనే ఒక శాస్త్రీయ పరిశోధన పూర్తిచేశాను. బండి ఎడమవైపు తిరిగినప్పుడే ఆగుతోంది. కుడివైపు ఎన్నిసార్లు తిరిగినా గుర్రమే. దాంతో నేను ఊరి పటం ముందేసుకుని, ఎడమ మలుపులు లేని దారులు కనిపెట్టాను. ఎడమవైపు ఇంటికి వెళ్లాలంటే ముందుకు పోయి, కుడి, మళ్లీ కుడి, మళ్లీ కుడి. కొందరి ఇళ్ల చుట్టూ ప్రదక్షిణలా తిరుగుతుంటే వాళ్లు కిటికీలోంచి చూసి చెయ్యి ఊపేవాళ్లు, నేనూ ఊపేవాణ్ణి. కాకపోతే ఏడున్నరకు వెళ్లాల్సిన ఇంటికి తొమ్మిదయ్యేది.

ఆరోసారి వెళ్లినప్పుడు షెడ్డులో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడు. ఎవరితోనూ మాట్లాడడని అతన్ని అందరూ ‘మౌనస్వామి’ అంటారు. నా మాట విని, చక్రం పట్టీ ఊడదీసి, హ్యాండిల్ ఎడమకు తిప్పాడు. ఇంజన్ ఆగింది. మీటరు ‘స్వాగతం’ అంది. ఇంకోసారి తిప్పాడు. ఇంకోసారి స్వాగతం.

“హ్యాండిల్ మెడ దగ్గర తీగలు పొట్టిగా కట్టారు. తిప్పినప్పుడల్లా లాగుతున్నాయి, ఒరిసిపోయాయి. మొత్తం వైరింగ్ మార్చాలి. తయారైన రోజు నుంచే ఇంతే” అన్నాడు. నాకు అతని కాళ్ల మీద పడాలనిపించింది.

అడ్వైజరు మొహం మాత్రం పాలిపోయింది. వారంటీలో వైరింగ్ మార్చాలంటే హెడ్డాఫీసు అనుమతి కావాలి. దరఖాస్తు పంపారు. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. ఆరో కాగితం అదే. దాన్ని ఇక్కడ ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను: ‘సదరు కస్టమరు గత అయిదు సందర్శనలలోనూ పదికి పది మార్కులు ఇచ్చి పూర్తి సంతృప్తి వ్యక్తం చేసియున్నారు. పూర్తి సంతృప్తితో ఉన్న కస్టమరు బండికి మరమ్మతు చేయుట వారంటీ నిబంధనలకు విరుద్ధము.’

నేను తిన్నగా సర్వీస్ సెంటర్ మేనేజరు గదిలోకి దూసుకుపోయాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. కుర్చీలోంచి లేచి, కోటు గుండీ పెట్టుకుని, నేనొక్కణ్ణే వింటున్నా సభలో మాట్లాడినట్టే మాట్లాడాడు.

“ప్రియమైన కస్టమరు గారూ! మా సంస్థ బళ్లు అమ్మదు, నమ్మకం అమ్ముతుంది. ఆ నమ్మకాన్ని మీరు అయిదుసార్లు నిలబెట్టారు. మీలాంటి కస్టమర్ల వల్లే ఈ శాఖ వరసగా మూడు త్రైమాసికాలు ప్రథమ స్థానంలో ఉంది. మీరు ఇప్పుడు ‘లోపం ఉంది’ అంటే, అప్పుడు అబద్ధం చెప్పారని అర్థం వస్తుంది. మీవంటి పెద్దమనిషి గురించి అలా అనుకోవడానికి మా మనసు ఒప్పదు. కాబట్టి లోపం లేదనే మేం గట్టిగా నమ్ముతున్నాం. ఇది కేవలం మీ గౌరవం కాపాడటానికే.”

నా గౌరవం కోసం ఆయన అంత తాపత్రయపడుతుంటే ఎలా కాదంటాం? సంతకం పెట్టి వచ్చేశాను. బయట అడ్వైజరు నిలబడి ఉన్నాడు. పాప గోడ పట్టుకుని నడుస్తోందట. నా బండి కన్నా చాలా నయం. మర్నాడు ఫోన్ వస్తే మళ్లీ పది వేశాను. ఎందుకు వేశావని అడగొద్దు. అలవాటైపోయింది.

మా ల్యాబు కూడా కాలంతోపాటు నడిచేదే కనుక, అక్కడా మార్కుల పద్ధతి వచ్చింది. రక్తం తీసుకోవడం అవ్వగానే పేషెంటు ఫోన్‌కి ప్రశ్న వెళుతుంది: మా ఉద్యోగి సమయానికి వచ్చారా? అప్పటికే నా మీద రెండు ఫిర్యాదులు ఉన్నాయి. మూడోది వస్తే నా పని అయిపోయినట్టే. ఆ భయంతో నా తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు నేను నేర్చుకున్న విద్య అక్కరకొచ్చింది. దూది అదిమి పెట్టి, గొంతు తగ్గించి, గుమ్మందాకా వెళ్లి వెనక్కి తిరిగి, “పది వెయ్యండి. తొమ్మిది వేసినా సున్నా కిందే. ఇద్దరు పిల్లలు” అనేవాణ్ణి. ఆ గొంతు అచ్చం అడ్వైజరుదే. ఎవరూ కాదనలేదు. మనవాళ్లు ఎంత మంచివాళ్లో అప్పుడు తెలిసింది. పదకొండింటి దాకా ఆకలితో చేతులు వణుకుతున్నవాళ్లు కూడా, అదే వణికే వేలితో పది నొక్కేవాళ్లు.

వాళ్లలో ఒక టీచరమ్మ ఉంది. రిటైరై చాలా ఏళ్లయింది. షుగరు మనిషి, ఒంటరిగా ఉంటుంది. నెలకోసారి పరగడుపు రక్తం ఇవ్వాలి. ఆవిడ ఇల్లు సరిగ్గా ఎడమవైపు. నేను ఎప్పుడు వెళ్లినా ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని, చొక్కా చెయ్యి మడిచినట్టు జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని, సిద్ధంగా కూర్చుని ఉండేది. “బండి మళ్లీ మొరాయించిందా నాయనా?” అని తనే అడిగేది. నేను సూది తీసేవాణ్ణి. పదకొండు నెలలు పదకొండు పదులు వేసింది.

పన్నెండో నెల నేను వెళ్లేసరికి వరండాలో కుర్చీ పక్కకి పడి ఉంది. పక్కనే ఆవిడ పడి ఉంది. ఆకలికి కళ్లు తిరిగి పడితే మెట్టు అంచు కనుబొమకి తగిలింది. నేను తీయాల్సిన రక్తం నేల మీద ఉంది. పక్కింటివాళ్లని పిలిచి ఆసుపత్రికి చేర్చాను. బండి మీద కాదు, ఆటోలో.

వారం తర్వాత ఆవిడను వెంటబెట్టుకుని ఆవిడ తమ్ముడు మా ల్యాబుకి వచ్చాడు. మేనేజరు నన్ను లోపలికి పిలిపించాడు. ఇది మూడో ఫిర్యాదు. మా ఆవిడకు ఎలా చెప్పాలా అని మాటలు కూడా వెతుక్కున్నాను.

మా మేనేజరు కంప్యూటరు తెరను వాళ్లవైపు తిప్పాడు. “అమ్మగారు పదకొండుసార్లు రక్తం ఇచ్చారు. సమయపాలన: పది, పది, పది... చూడండి. మా రికార్డు ప్రకారం మావాడు ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు. ఇంత సంతృప్తిగా ఉన్న పేషెంటు ఆకలితో పడిపోయే అవకాశం లేదండీ.”

“నుదుటి మీద కుట్లు కనబడటం లేదా మీకు?” అరిచాడు తమ్ముడు.

“అవి మా ల్యాబు వేసిన కుట్లు కావు కదండీ” అన్నాడు మేనేజరు, ఎంతో మర్యాదగా.

తమ్ముడు నావైపు తిరిగాడు. “నువ్వు చెప్పవయ్యా. ఆ రోజు ఎన్నింటికి వెళ్లావు?”

మేనేజరు కూడా నావైపే చూశాడు. అబద్ధమెందుకు, నాలో ముందు కలిగింది సంతోషమే. ఉద్యోగం నిలబడింది. సిగ్గు దాని వెనకాల వచ్చింది. ఆలస్యంగా వచ్చినా, వచ్చింది. తలవంచుకుని నిలబడ్డాను.

“పోనీలేరా” అంది టీచరమ్మ తమ్ముడితో. “అతన్ని అడుగుతావేం? పిల్లలుగలవాడు.”

ఫిర్యాదు సామరస్యంగా పరిష్కారమైనందుకు మేనేజరు లేచి నిలబడి కృతజ్ఞతలు చెప్పాడు. చెబుతుండగానే టీచరమ్మ చేతిలో ఫోన్ మోగింది. ‘మీ ఫిర్యాదును మా సిబ్బంది పరిష్కరించిన తీరుకు మార్కులు ఇవ్వండి.’ మేనేజరు గొంతు ఒక్కసారి తగ్గిపోయింది. “పై ఆఫీసువాళ్లు చూస్తారమ్మా ఇది” అన్నాడు.

ఆవిడ ఫోన్‌ని మొహానికి దగ్గరగా పట్టుకుని, తర్వాత నావైపు తిరిగింది. కోపం లేదు. ఎన్నేళ్లుగానో తెలిసినవాణ్ణి అడిగినట్టే అడిగింది.

“ఎంత వెయ్యమంటావు నాయనా?”

వాపు వల్ల ఆవిడకు ఒక కన్ను సరిగ్గా తెరుచుకోవడం లేదు. పది ఎక్కడుందో నేనే చూపించాను.