ఎర్రదారం కట్టిన బ్యాటరీ

ఆ పొద్దున యెన్ కున్‌షాన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. స్కూటర్ బ్యాటరీలు మార్చుకోవాలి, తిరిగొచ్చేటప్పుడు జావలోకి ఒక పాలబొంత చేప తేవాలి. తైవాన్ తీరంలోని తైనాన్‌లో, వీధివీధినా దొరికే పాలబొంత తేవడం కంటే తేలికైన పని ఇంకొకటి లేదు.

కున్‌షాన్ చేపల మార్కెట్లో తూకాల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలింది కానీ అనుమానం వదల్లేదు. భార్య బీయున్ కూర వడ్డిస్తుంటే గరిటె లోతు మారిందేమోనని వంగి చూసే మనిషి. కిందటి వారమే కూతురు కరెంటు స్కూటరు కొనిపెట్టింది. దాని సీటు కింద రెండు బ్యాటరీలు నల్లగా నిగనిగలాడుతూ కనిపించేసరికి ఆయన ప్రాణం లేచొచ్చింది. వాటిని మెత్తటి తువ్వాలుతో తుడిచి, పౌడరు అద్ది, గుడి నుంచి తెచ్చిన ఎర్రదారం ఒక్కోదాని పిడికి ముడేశాడు.

వీధి చివర కిరాణా దుకాణం పక్కన బ్యాటరీలు మార్చే యంత్రం ఉంది. తేనెతుట్టెలా గోడనిండా అరలు. కున్‌షాన్ తన రెండింటినీ ఖాళీ అరల్లో పెట్టాడు. యంత్రం వాటిని గుటుక్కున మింగి, వేరే రెండింటిని బయటికి తోసింది. ఒకదాని అంచు గీసుకుపోయి ఉంది. ఇంకోదాని మీద ఎవరో గులాబీరంగు పిల్లి బొమ్మ అంటించారు.

ఆయన ఆ రెండింటినీ చెరో చేత్తో మోసుకుంటూ దుకాణంలోకి దూసుకెళ్లాడు.

"ఏమ్మా, మీ యంత్రం నా సరుకు మార్చేసింది!"

కౌంటరు దగ్గర టీ నీళ్లలో ఉడుకుతున్న గుడ్లు కలుపుతున్న ఆవిడ తలెత్తలేదు. "మార్చడానికేగా మామయ్యా అది ఉన్నది."

"నేను కొత్తవి ఇచ్చాను. ఇవి చూడు, ఎవడో వాడి పారేసినవి!"

"అవి ఎవరి సొంతమూ కావు. నిండింది ఏదైతే అది ఇస్తుంది. గ్యాస్ బండ అయిపోతే మీ బండే నింపి తెస్తాడా ఏమిటి?"

"అందుకే ప్రతి బండనీ తూకం వేయించి తీసుకునేవాణ్ని," అన్నాడు కున్‌షాన్.

ఆ కోపంలో చేప సంగతి మర్చిపోయాడు. జరిగింది ఇంట్లో చెబితే భార్య నవ్వుతుందని, "చేపలు అయిపోయాయి," అని మాత్రం అన్నాడు. బీయున్ గరిటె పట్టుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. తైనాన్‌లో పొద్దున్నే పాలబొంత అయిపోయిందంటే సముద్రం ఎండిపోయి ఉండాలి. లేదా మొగుడు అబద్ధమాడుతూ ఉండాలి.

మర్నాటి నుంచి కున్‌షాన్ కాపలా మొదలుపెట్టాడు. తన బ్యాటరీలు నిండి బయటికి ఎప్పుడొస్తాయో, ఎవరి చేతిలో పడతాయో చూడాలి. తెల్లారగానే తల దువ్వుకుని, మడత స్టూలు, టీ ఫ్లాస్కు, పౌడరు డబ్బా, బీయున్ మెత్తటి తువ్వాలు తీసుకుని బయలుదేరేవాడు. దొరికిన వెంటనే తుడవాలి కదా.

"ఎక్కడికయ్యా, పౌడరు కూడానూ?" అంది బీయున్.

"గాలికి."

యంత్రానికి సరిగ్గా ఎదురుగా సోయాపాల దుకాణం ఉంది. దాన్ని నడిపే ఆలువాన్ మొగుడు పోయిన మనిషి, నవ్వు మొహం. పాత తూకాల ఇన్‌స్పెక్టరు రోడ్డుకి అవతల స్టూలు వేసుకుని గంటల తరబడి మాటేసుకుని కూర్చుంటే ఆవిడ గుండెల్లో రాయి పడింది. ప్రభుత్వం ఆయన్ని రహస్యంగా మళ్లీ పనిలోకి తీసుకుందనుకుంది. గిన్నెలు పొర్లిపోయేలా నింపడం మొదలుపెట్టింది. అంతటితో ఆగక వేడివేడి సోయాపాలు స్వయంగా రోడ్డు దాటి తీసుకెళ్లింది.

"తాగండి ఇన్‌స్పెక్టరుగారూ. చలిగా ఉంది."

కున్‌షాన్ గిన్నె అందుకున్నాడు కానీ యంత్రం మీంచి చూపు తిప్పలేదు. ఈవిడ తన దృష్టి మళ్లించడానికే వచ్చిందని ఆయనకు అనుమానం. ఈ పాల గిన్నెను మూల మీద కూరగాయలు బేరమాడుతున్న పక్కింటి మేఫంగ్ చూసింది. మేఫంగ్ చూసిందంటే మధ్యాహ్నానికి బీయున్ విన్నట్టే.

"నేను కల్పించి చెప్పట్లేదు అక్కా. సోయాపాలావిడే వచ్చి చేతికిచ్చింది. మీ ఆయన మొహం కూడా ఎత్తలేదు, అంత సిగ్గు!"

శుక్రవారం పొద్దున యంత్రం ముందు హెల్మెట్టు పెట్టుకున్న ఒక అమ్మాయి ఆగింది. అర తెరుచుకుంది. బయటికొచ్చిన బ్యాటరీ పిడికి ఎర్రదారం! కున్‌షాన్ స్టూలు తన్నేసి లేచాడు.

"అమ్మాయ్, ఆగు! అది నాది!"

"ఏది?"

"సీటు ఎత్తు, చూపిస్తాను!"

ఆ అమ్మాయి సీటు ఎత్తలేదు, ఒక్కసారిగా స్కూటరు దూకించింది. ఆయన తన స్కూటరెక్కి వెంటపడ్డాడు. గుడి చుట్టూ తిరిగి, కాలువ దాటి, సందులన్నీ తిరిగారు. ప్రతి ఎర్రలైటు దగ్గరా ఆయన పక్కకొచ్చి, "ఒక్కసారి ముట్టుకుని ఇచ్చేస్తానమ్మా!" అని బతిమాలాడు. చివరికి ఆ అమ్మాయి నేరుగా పోలీసు చౌకీలోకి స్కూటరు పోనిచ్చింది.

పోలీసు ఆయన్నీ, ఆ అమ్మాయినీ యంత్రం దగ్గరికే తీసుకొచ్చి విచారణ మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే బీయున్ దిగింది. వెనకాలే మేఫంగ్ రాబోయింది కానీ, బీయున్ ఆమెను మలుపు దగ్గరే ఆపేసింది. పరువు పోతే తనొక్కతే చూడాలనుకుంది. పోలీసును చూసి ఆలువాన్ కొలతగిన్నె చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

"చెప్పు. ఎన్నాళ్ల నుంచి?" అంది బీయున్.

కున్‌షాన్ తలొంచుకున్నాడు. దాచి లాభం లేదనిపించింది. "మంగళవారం నుంచి. దాన్ని మర్చిపోలేకపోతున్నానే. ఎంత నిగనిగలాడేది!"

బీయున్ ఆలువాన్ వైపు చూసింది. ఆలువాన్ తన చేతులవైపు చూసుకుంది.

"అది ఒక్కటేనా, ఇంకా ఉన్నాయా?"

"రెండు. రెండూ నావే. ఒకటి ఈ అమ్మాయి దగ్గరుంది."

"నా కొలతలు సరిగ్గానే ఉన్నాయండీ!" అని ఆలువాన్ గొల్లుమంది.

"నీ కొలతలు ఎవరడిగారు?" అని బీయున్ అరిచింది.

పోలీసు చేతులెత్తి అందరినీ ఆపాడు. అమ్మాయిని సీటు తీయమన్నాడు. లోపల బ్యాటరీ, దాని పిడికి ఎర్రదారం. కున్‌షాన్ మొత్తం కథ ఏకరువు పెట్టాడు. పోలీసు మీసాల చాటున నవ్వుకుని, ఆ దారం విప్పి ఆయన జేబులో పెట్టి, "మామయ్యా, ఇంకెప్పుడూ ఆడపిల్లల వెంట పడొద్దు," అన్నాడు. అమ్మాయి సీటు మూసుకుని వెళ్లిపోయింది. ఆలువాన్ పెద్ద నిట్టూర్పు విడిచి రోడ్డు దాటింది.

కున్‌షాన్ మొహం వెలిగిపోయింది. "విన్నావుగా. బ్యాటరీ కోసమే. ఒట్టు, ఇంకెవ్వరి కోసమూ కాదు!"

బీయున్ మొహం మాత్రం వెలగలేదు.

"బ్యాటరీ కోసం తల దువ్వుకున్నావా?"

"అంటే..."

"అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలో కాసేపు కూర్చోమంటే, మార్కెట్లో పనుందని పోయావు. నాకు జ్వరమొస్తే మందు తలగడ దగ్గర పెట్టి పోయావు. దీనికోసం స్టూలు వేసుకుని చలిలో కూర్చున్నావా?" స్టూలు పక్కన పడున్న తన తువ్వాలు తీసుకుంది. "ఆ సోయాపాలావిడ కోసమైనా బాగుండేది. మనిషి కదా అనుకునేదాన్ని."

అనుమానం తీరితే కోపం పెరగడం కున్‌షాన్ తన సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. స్టూలు మడిచి ఆవిడ వెనకే నడిచాడు.

మలుపులో మేఫంగ్ కాచుకుని ఉంది. "ఏమైంది అక్కా? ఏమన్నాడు?"

బీయున్ ఒక్క క్షణం ఆగింది. మొగుడు ఇన్నాళ్లూ ఒక బ్యాటరీకి కాపలా కాశాడని చెబితే, ఇక ఈ వీధిలో తలెత్తుకు తిరగడం కుదరదు. కన్నీళ్లు రాకపోయినా తువ్వాలు తీసి కళ్లొత్తుకుంది.

"నువ్వు చెప్పిందే నిజం మేఫంగ్. సోయాపాలావిడే. నేనే వెళ్లి ఈయన్ని వెనక్కి తెచ్చుకున్నాను."

కున్‌షాన్ నోరు తెరిచాడు. బీయున్ ఒక చూపు చూసింది. నోరు మూసుకున్నాడు.

సాయంత్రానికి కబురు గుడి అరుగు దాకా పాకింది. అక్కడ చదరంగమాడే ముసలాళ్లు మొదటిసారి కున్‌షాన్‌కు జరిగి చోటిచ్చారు. ఇద్దరు టీ కూడా పోశారు. ఆలువాన్‌ను అడిగితే ఆవిడ అవుననలేదు, కాదనలేదు. దుకాణం ముందు జనం పెరిగారు మరి.

బీయున్ ఆ మాట ఎంత నమ్మకంగా చెప్పిందంటే, వారం తిరిగేసరికి తనే నమ్మేసి, బ్యాటరీలు మార్చడానికి కూడా ఆయన్ని ఆ సోయాపాల దుకాణం వైపు పంపడం మానేసింది.