లైను చెడగొట్టకండి!

ఆ ఆదివారం పొద్దున్న అనుత్తమ్ కుండూ చాయ్ సగంలోనే వదిలేసి లేచాడు. ఉత్తర కలకత్తాలోని కంసారి సందులోకి చలికాలం ఎండ దిగేది కాసేపే. రెండు వరసల మేడల మధ్య నుంచి ఏటవాలుగా జారి, సందును ఈ మూల నుంచి ఆ మూలకు కోసినట్టు ఒక చారలా పడుతుంది. ఆ చార ఎప్పుడు వస్తుందో, ఎక్కడ ముగుస్తుందో అతను రోజూ డాబా మీద నుంచి చూసి పెట్టుకున్నాడు.

సాయంత్రానికల్లా పేట ఫొటో క్లబ్బు పోటీకి ఫొటో అందాలి. ఈ ఏడు విషయం 'గీత, ఆకారం'. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే అనుత్తమ్ ఏటా ఫొటో పంపడం, క్లబ్బు అధ్యక్షుడు ధృతిమాన్ లాహిరీ దాన్ని అందరి ముందూ పట్టుకుని "ఇందులో చూపు ఎక్కడ నిలవాలయ్యా? నాదైతే కిటికీలోంచి బయటికి పోయింది" అనడం, హాలంతా గొల్లుమనడం మామూలైపోయింది. ఈసారి ఎవరి చూపూ పారిపోకుండా కట్టిపడేయాలని అతని పంతం. ఎండచార గీత. అది ముగిసే చోట ఓ పెద్ద గుండ్రం. చూపు గీత వెంట నడిచి వెళ్ళి గుండ్రంలో బుద్ధిగా కూర్చోవాలి. తలచుకుంటేనే ఒళ్ళు పులకరించింది.

గుండ్రం కోసం, పెళ్ళిళ్ళకు వంటపాత్రలు అద్దెకిచ్చే దుకాణం నుంచి పెద్ద హండీ తెచ్చాడు. సందు చివరి అరుగు మీద పెడితే అది అటూ ఇటూ ఊగింది. లోపల మూడు ఇటుకలు పెట్టి మూత వేశాడు. డాబా ఎక్కి చూస్తే నల్లటి హండీ నీడలో కలిసిపోయింది. మళ్ళీ పరుగున దిగి, ఇంట్లో దొరికిన ఎర్ర గుడ్డ తెచ్చి దాని నడుముకు చుట్టాడు.

ఎర్ర గుడ్డ చుట్టిన హండీలో బిర్యానీ ఉంటుందని కలకత్తాలో పాలు తాగే పసివాడికి కూడా తెలుసు. అనుత్తమ్‌కీ తెలుసు. కానీ ఆ పూట అతని బుర్రలో గీతకూ గుండ్రానికీ తప్ప మరి దేనికీ చోటు లేదు.

అతను డాబా మీద కెమెరా సర్దుకునేలోగా, పక్కింటి పటల్ కాకూ చేపల సంచితో బజారు నుంచి వస్తూ హండీ ముందు ఆగిపోయాడు. గుండ్రం సగం మాయమైంది.

"కాకూ! వెనక్కి జరగండి! వెనక్కి!"

పటల్ కాకూ తలెత్తాడు. "ఇంకా మొదలెట్టలేదా?"

"లేదు కాకూ, ఇంకో పది నిమిషాలు! మీరు మాత్రం అక్కణ్ణుంచి జరగండి!"

"జరిగానయ్యా. మొదటివాణ్ణి నేనే, గుర్తుంచుకో."

కాకూ రెండడుగులు వెనక్కి వేసి అక్కడే నిలబడ్డాడు. ఎదురింటి మినతి మాసీ బాల్కనీలోంచి వంగింది.

"ఏంటి కాకూ, అక్కడ నిలబడ్డారు?"

"అనుత్తమ్ బిర్యానీ పంచుతున్నాడు."

"దేనికట?"

"తిన్నాక అడుగుతాను."

మినతి మాసీ కేరియరుతో దిగింది. ఆవిడ వెనక వాళ్ళ కోడలు పళ్ళెంతో దిగింది. కాసేపట్లో సందులోని తలుపులన్నీ తెరుచుకున్నాయి. సరిగ్గా అప్పుడే ఎండచార పడింది. పడీపడగానే దాని మీద జనం పరుచుకున్నారు.

"లైను! లైను చెడగొడుతున్నారు!" అనుత్తమ్ పిట్టగోడ మీద నుంచి గొంతు చించుకున్నాడు.

"వినబడలేదూ? పెట్టే మనిషి అలా మొత్తుకుంటుంటే లైను చెడగొడతారేమిటర్రా!" అని పటల్ కాకూ వెనక్కి తిరిగి కసిరాడు. జనం ఒకరి వెనక ఒకరు చక్కగా సర్దుకున్నారు.

"అయ్యో, అది కాదు! పక్కకి వెళ్ళండి! నీడలోకి!"

"నీడలో చలి దాదా! ఎండలోనే ఉంటాం, తొందరేం లేదు!"

కింద అనుత్తమ్ భార్య ఝుమా పూజ ముగించుకుని గుమ్మంలోకి రాగానే ఆడవాళ్ళు చుట్టుముట్టారు. "మాకు చెప్పకుండా దాచావే వదినా! మీ చెల్లికి సంబంధం కుదిరిందా?" "మటనేనా? బిర్యానీలో ఆలుగడ్డ కూడా వేయించావా?" ఝుమా మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి డాబా మీద తేలింది.

"ఏం చేశావు?"

"నేనేం చేయలేదు ఝుమా, ఒట్టు. హండీకి గుడ్డ చుట్టానంతే."

"ఏం రంగు గుడ్డ?"

అనుత్తమ్ పిట్టగోడ మీద నుంచి వంగి హండీ కేసి చూశాడు. "ఎరుపు."

ఝుమా నుదురు కొట్టుకుంది. అనుత్తమ్‌కి ఏడుపొక్కటే తక్కువ. ఎండ జారిపోతోంది, పోటీ జారిపోతోంది. ఎంత చెడిందో చూద్దామని కెమెరాలో కన్ను పెట్టాడు. పెట్టి అలాగే ఉండిపోయాడు.

చలికి వణుకుతున్న జనం ఎండను విడవకుండా నిలబడటంతో, ఆ చార మొత్తం మనుషుల గీతగా మారింది. శాలువాలూ, చెవులూ గడ్డమూ కప్పేసే కోతిటోపీలూ వరసగా మెరుస్తూ, సందు పొడుగునా ఏటవాలుగా సాగి ఎర్రటి గుండ్రం దగ్గరకు చేరుతున్నాయి. ప్రతి చేతిలోనూ పళ్ళెమో గిన్నో, ఇంకో చిన్న గుండ్రం. అంతలో మధ్యలోంచి ఒక కోతిటోపీ గీత దాటి బయటికి వచ్చి, స్టీలు డబ్బా చాచి, కొంగలా మెడ సాచింది. అనుత్తమ్ వేలు దానంతట అదే నొక్కేసింది.

"లైనులో రండి బాబూ!" అని కింద కేకలు లేచాయి.

"నేను తినడానికి రాలేదు, ఏర్పాట్లు చూస్తున్నాను," అంటూ ఆ కోతిటోపీ ముందుకెళ్ళి మూత ఎత్తింది. ఎత్తి బిగుసుకుపోయింది. అప్పుడు గుర్తుపట్టాడు అనుత్తమ్. ధృతిమాన్ బాబు.

"ఇటుకలు!"

సందు భగ్గుమంది. "పరాచికాలా?" "ఇంట్లో పొయ్యి ఆర్పి వచ్చాను నేను!" అనుత్తమ్ నీళ్ళ ట్యాంకు వెనక్కి జారుకున్నాడు. ఝుమా ఒక్కతే కిందికి దిగి, జనం మధ్యకు వెళ్ళి, కొంగు దోపి, హండీలోంచి ఇటుకలు తీసి అరుగు కింద ముక్కోణంగా పేర్చింది.

"హండీ ఉంది, పొయ్యి తయారైంది. తలా గుప్పెడు బియ్యం, గుప్పెడు పెసరపప్పు తెండి. ఖిచుడీ నేను వండుతాను. కాకూ, ఆ చేపలు వేయించాలి, ఇలా ఇవ్వండి."

పటల్ కాకూ సంచిని గుండెకు హత్తుకున్నాడు గానీ లాభం లేకపోయింది. మధ్యాహ్నానికి సందంతా పొయ్యి చుట్టూ కూర్చుని ఖిచుడీ తింది. తిట్టినవాళ్ళే అందులో వేసిన ఆలుగడ్డ బాగుందని మళ్ళీ వడ్డించుకున్నారు. ధృతిమాన్ బాబు మాత్రం ఎప్పుడో మాయమయ్యాడు.

మరుసటి ఆదివారం క్లబ్బు హాలు కిటకిటలాడింది. చందన్‌నగర్ నుంచి న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దావిడ అనుత్తమ్ ఫొటో ముందు చాలాసేపు నిలబడింది.

"గీత బాగుంది, గుండ్రం బాగుంది," అందామె. "అవి మాత్రమే ఉంటే ఇది లెక్కల పుస్తకంలో బొమ్మ అయ్యేది. ఈ పెద్దమనిషిని చూడండి, వరస దాటి డబ్బా ఎలా చాచాడో! ఆయన ఆత్రమే ఈ ఫొటోకి ప్రాణం. మొదటి బహుమతి దీనికే."

హాలు చప్పట్లతో మారుమోగింది. ఝుమా రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది. ఆ సందడిలో ముందు వరస నుంచి లాహిరీ గారి భార్య లేచి, ఫొటో దగ్గరకు వెళ్ళి, కళ్ళజోడు సవరించుకుంది.

"ఈ టోపీ నేను అల్లిందే," అని భర్త వైపు తిరిగింది. "పోయిన ఆదివారం పరగడుపున చక్కెర పరీక్షకి వెళ్ళానన్నారే!"

బహుమతిని క్లబ్బు కార్యదర్శి అందజేశారు. అధ్యక్షులవారు అనివార్య కారణాల వల్ల ఇంటికి తీసుకుపోబడ్డారు.