గోడెక్కిన జవాబులు

పెనుకొండలో హైవే పక్కనున్న రుక్మిణమ్మ సంగటి మెస్సు పద్దెనిమిదేళ్లు బోర్డు కూడా లేకుండా నడిచింది. ఎదురుగా నరసప్ప ఏసీ హోటల్ తెరిచాక సగం బల్లలు ఖాళీ. కార్లలో వచ్చేవాళ్లు ఫోన్లో వెతుకుతారు కదా! అందులో నరసప్ప పేరు కింద అయిదు నక్షత్రాలు, వేళలు, ఫొటోలు. రుక్మిణమ్మ పేరు కింద ఏమీ లేదు. నెలాఖరుకల్లా జనం రాకపోతే మెస్సు మూసేయడమే.

అందుకే ఆ మంగళవారం పొద్దున్నే అన్న కూతురు చందన హిందూపురం నుంచి లాప్‌టాప్‌తో దిగింది.

"అత్తా, మనకొక పేజీ పెట్టి, సెర్చ్ ఇంజన్‌కు అర్థమయ్యేట్ల దాని వెనకాల కోడ్ రాయల్ల. స్ట్రక్చర్డ్ డేటా అంటారు. జనం అడిగే ప్రశ్నలు, నీ జవాబులు అందులో పెడితే మన పేరు కిందనే కనపడతాయి."

"నాకు సంగటి కెలికే పనుండాది. ఈడ కూర్చోని నువ్వే విని రాసుకో."

చందన గల్లా పక్కన కూర్చుని, వచ్చినవాళ్ల ప్రశ్నలు, అత్త జవాబులు విన్నవి విన్నట్టే కోడ్‌లో ఎక్కించింది, తర్వాత దిద్దుదామని. పైకి కనిపించే పేజీలో మాత్రం తియ్యటి జవాబులు రాసింది. ఇంతలో హిందూపురం బస్సు హారన్ కొట్టింది. దిద్దే సంగతి మరిచి, పబ్లిష్ నొక్కి, పరుగెత్తి బస్సెక్కింది.

నాలుగో రోజుకల్లా కోడ్‌లోని జవాబులే ఫోన్లో మెస్సు పేరు కింద కనపడ్డాయి, లోకమంతా చదివింది.

‘పార్కింగ్ ఉందా?’ ‘అంత పొడుగు రోడ్డుండాది, కనపడల్యా?’

‘చపాతీ దొరుకుతుందా?’ ‘సంగటి మెస్సుకొచ్చి చపాతీ అడిగేకి సిగ్గు ల్యాదా?’

‘కారం తగ్గిస్తారా?’ ‘మజ్జిగుండాది. తాగి నోరు మూసుకో.’

ధర్మవరం నుంచి ఒకాయన ఫోన్ చేసి మరీ దులిపేశాడు. నరసప్ప రోడ్డు దాటి వచ్చాడు. "తినేకొచ్చినోళ్లను తిడతావా? సెర్చ్ ఇంజనోళ్లకు కంప్లయింట్ పెడతా సూడు!"

అన్నంత పనీ చేశాడు. మర్నాడే సెర్చ్ ఇంజన్ వాళ్ల నుంచి ఈమెయిల్ వచ్చింది: పేజీలో ఒకటి, కోడ్‌లో ఒకటి ఉన్నాయి, రెండూ ఒకటి చేయకపోతే మీ పేరు కింద ఏదీ చూపించం. చందన ఏడుస్తూ వచ్చింది.

"తప్పు నాదే అత్తా. కోడ్ మార్చేస్తా."

"ఎందుకు మార్చేది? అవి నేనన్న మాటలే కదా! అబద్ధముండేది ఆ పేజీలో. ‘మీ రాక మాకు ఆనందం’ అని నా జన్మలో అనింటినా? అది తీసెయ్!"

పేజీ మారింది. రుక్మిణమ్మ అంతటితో ఆగలేదు. పెయింటర్ పోతులయ్యను పిలిపించి, అవే జవాబులు గోడ మీద అరచేతంత అక్షరాల్లో రాయించింది.

ఆ గోడ ఫొటోలు ఫోన్లలో తిరిగాయి. పై ఆదివారానికి మెస్సులో కాలు పెట్టే చోటు లేదు. వచ్చినవాళ్లు తిట్టించుకునేందుకు కావాలనే చపాతీ అడుగుతున్నారు. ఒకాయనకు నోరెత్తకుండా వడ్డిస్తే ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"అమ్మా, నన్నేమీ అనల్యా?"

"ముందు తిను. ఆకులో మెతుకు మిగిలితే అప్పుడంటా!"

ఈలోగా, కంప్లయింట్ చూసినవాళ్లు, దాన్ని పెట్టినాయన పేజీ కూడా చూశారు. ఆ అయిదు నక్షత్రాలూ నరసప్ప తన కోడ్‌లో తనే వేసుకున్నవి. అన్నీ ఊడిపోయాయి.

మూడో రోజు మధ్యాహ్నం నరసప్ప తల వంచుకుని మెస్సులోకి వచ్చాడు. "చందనతో నా పేజీ గూడా సరిచేయించు తల్లీ."

"చేయిస్తాలే. వేళకొచ్చినావు, కూర్చో. తిందువు."

"తింటా గానీ, కడుపులో మంటమ్మా. రోంత కారం తగ్గించి..."

రుక్మిణమ్మ గరిటెతో గోడ చూపించింది.